నూతన తైల ప్రవేశం

రాష్ట్రంలో ఉన్న సమస్తాన్నీ పదిహేను రోజుల్లో నిర్వహించి పారెయ్యాలని కాలువల నిర్వహణ శాఖ మంత్రి భవానీదేవి గారు అమలాపురం సభలో ప్రకటించారు. ఆ పదిహేను రోజులకీ 'నిర్వహణ పక్షోత్సవాలు' అని పేరు పెట్టారు. కొత్తవి కట్టడం ఎవరైనా చేస్తారు, ఉన్నవాటిని జాగ్రత్తగా చూసుకోవడమే అసలైన పరిపాలన అని ఆవిడ అంటూండగా మైకు ఆగిపోయింది. మిగతా గంటన్నర ఉపన్యాసం మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి మాత్రమే దక్కింది. అదృష్టవంతులు.

కాలువల శాఖ కాబట్టి కాలువలతోనే మొదలుపెట్టొచ్చు కదా అని ఒక విలేకరి అడిగాడు. కాలువల నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయి శివారు చేలకి చుక్క నీరు దిగడం లేదని అతని పేపర్లోనే రోజూ వస్తోంది. మంత్రిగారు చిరునవ్వు నవ్వి, కాలువంటే చాలా పెద్ద విషయమనీ, ముందు ఇంట్లో ఉన్న చిన్న వస్తువులతో మొదలుపెట్టి చెయ్యి అలవాటు చేసుకుంటే రాబోయే సంవత్సరాల్లో కాలువ దాకా వెళ్లొచ్చనీ సెలవిచ్చారు. కార్యకర్తలందరూ ఏదో ఒక వస్తువుని నిర్వహించి ఫొటో పంపాలన్నారు. మర్నాటికల్లా కోనసీమ నలుమూలల నుంచీ కుట్టుమిషన్లు, నీళ్ల మోటార్లు, ఒక పాత గడియారం ఫొటోలు అందాయి.

మలికిపురం మండల పార్టీ కన్వీనరు వెంకటరాజు గారు మాత్రం తొందరపడలేదు. పెద్దమనిషి. ఆయన చూపంతా 'కోనసీమ కాలువల నిర్వహణ మండలి' ఛైర్మన్ పదవి మీద ఉంది. ఆ కుర్చీ పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. ఎవరి నిర్వహణ బాగుంటే వాళ్లకే అని మంత్రిగారు మాటవరసకి అన్నారని తెలిశాక, ఆయన రెండు రోజులు ఇల్లంతా తిరిగి నిర్వహించడానికి ఏముందా అని వెతికారు. ఇల్లు కొత్తది. కొబ్బరితోట కౌలుకిచ్చేశారు. చివరికి ఆయన చూపు వాకిట్లో ఉన్న తెల్లకారు మీద పడింది.

ఆ కారుని డ్రైవరు పేతురు తుడుస్తున్నాడు.

ఈ పేతురు సంగతి కొంచెం చెప్పాలి. ఆ కారు అంతకుముందు ఒక రొయ్యల మేత కంపెనీది. ఆ కంపెనీ ఏడేళ్లు వాడుకున్న తొమ్మిది కార్లనీ ఒకేసారి అమ్మేసింది. కొనడానికి వెళ్లిన వెంకటరాజు గారు తొమ్మిదింట్లోనూ ఏది మంచిదని అక్కడున్న డ్రైవర్లని అడిగితే, ఎనిమిదిమంది తలో మాటా చెప్పారు. పేతురు మాత్రం తను ఏడేళ్లు నడిపిన కారు దగ్గరికి తీసుకెళ్లి బానెట్టు ఎత్తి చూపించాడు. ఇంజను కడిగిన వంటగిన్నెలా ఉంది. వెంకటరాజు గారు కారునీ పుచ్చుకున్నారు, పేతురునీ పుచ్చుకున్నారు. అది జరిగి రెండేళ్లయింది.

పేతురుకి ఒకే ఒక్క కోరిక. ఇంజను విప్పకుండా మూడు లక్షల కిలోమీటర్లు తిప్పాలి. ఆయిలు వేళకి మార్చితే ఏ బండైనా మూడు లక్షలు చూస్తుందని కంపెనీలో వర్క్స్ మేనేజరు అనేవాడు. తొమ్మిదిమంది డ్రైవర్లలో ఒక్కడూ చూపించలేదు. పేతురు కారు మీటరు ఇప్పుడు రెండు లక్షల తొంభై నాలుగు వేల మీద ఉంది. ఇంక ఆరు వేలు. ఆ అంకె తిరిగే రోజున భార్య సువర్ణని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని మీటరు చూపించాలని అతని ఆశ. ఇంతకన్నా పెద్ద ఆశ అతనికి ఎప్పుడూ కలగలేదు.

కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నే లాగ్ బుక్కులో బండి సంగతులు రాయాలి, ఆఫీసరు సంతకం పెట్టాలి, అప్పుడే తాళం చెవి ఇస్తారు. కారుతో పాటు పేతురు ఆ అలవాటుని కూడా తెచ్చుకున్నాడు. వెంకటరాజు గారికి ఇది తెగ నచ్చింది. పదవి లేని మనిషికి రోజుకో సంతకం దొరకడమంటే మాటలా? మూడు నెలల కింద పేతురు 'ఇంజను ఆయిలు మార్పు గడువు దాటినది' అని రాస్తే, ఆయన కింద 'చూచితిని. తగు చర్య నిమిత్తం డ్రైవరుకు పంపడమైనది' అని రాసి పచ్చసిరాతో సంతకం పెట్టారు. పేతురు మర్నాడు మళ్లీ రాశాడు. 'రిమైండరు అందినది' అని జవాబు వచ్చింది. మూడోసారి రాస్తే ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. అందులో ఒకరు ఆయనే, ఇంకొకరు ఆయన ప్రెస్ నోట్లు రాసే రిటైర్డు తెలుగు మేష్టారు శ్రీరామమూర్తి గారు, మూడో స్థానం ఖాళీ. మూడో సభ్యుడు లేకుండా కమిటీ కూర్చోకూడదని మేష్టారు తేల్చారు. ఈలోగా తన మాట లేకుండా బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని వెంకటరాజు గారి ఆర్డరు.

నోటితో చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. పేతురు చెప్పాడు. కానీ కోనసీమలో పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి ఒకటుంది. ముందు 'ఆయ్' అనాలి. ఆయ్ అంటే చిత్తం, విన్నాను, మీరు చెప్పింది నిజమే అని. ఆ తరవాత అసలు మాట మొదలుపెట్టాలి. అసలు మాట దాకా ఆగి వినే తీరిక పెద్దవాళ్లకి ఉండదు. 'ఆయ్' దగ్గరే తృప్తిపడి వెళ్లిపోతారు. పేతురు అసలు మాటలన్నీ ఈ మూడు నెలలూ వాకిట్లోనే ఉండిపోయాయి.

ఆ రోజు వెంకటరాజు గారే పిలిచారు.

"పేతురూ, మన బండికి చేయించవలసింది ఏవన్నా ఉందా?"

"ఆయ్. ఇంజను ఆయిలు మార్పించాలండి. గడువు దాటి మూణ్ణెల్లయిందండి."

"మూణ్ణెల్ల నుంచి మార్పించకుండా ఉంచేవా?"

"ఆయ్. అంటే, రాసేనండి..."

"శెభాష్. పక్షోత్సవాల కోసం అట్టేపెట్టేవన్నమాట. నీకున్న ముందుచూపు మన పార్టీలో ఎవడికుందయ్యా." వెంకటరాజు గారు పేతురు భుజం తట్టారు. "మంత్రిగారి చేతుల మీదుగా మార్పిద్దాం. ఆవిణ్ణి ఇదే కార్లో ఎక్కించుకుని రాజోలు కాలవ లాకుల దాకా తీసికెళ్దాం. కొత్త బండిలో ఎవడన్నా తిప్పుతాడు. కంపెనీ వాడి పడేసిన బండిలో మంత్రిని తిప్పితే, అదీ నిర్వహణంటే."

శ్రీరామమూర్తి మేష్టారు ఆ సాయంత్రమే ఆహ్వానపత్రం రాశారు. ఆయిలు మార్చడం అంటే నాలుగు డబ్బాల మాటలా ఉందని, కార్యక్రమాన్ని రెండు దశలుగా విడదీశారు. మొదటి దశ 'పురాతన తైల నిష్క్రమణం', వెంకటరాజు గారి చేతుల మీదుగా. రెండో దశ 'నూతన తైల ప్రవేశం', మర్నాడు పొద్దున్న పదిన్నరకి మంత్రివర్యుల కరకమలాలతో. ఆ తరవాత మంత్రిగారు అదే కారులో బయల్దేరి లాకుల దగ్గర శివారు రైతులతో ముఖాముఖి మాట్లాడతారు. ఆహ్వానం అచ్చుకి వెళ్లింది. మంత్రిగారు వస్తానన్నారు. కంపెనీ సెకండ్ హ్యాండ్ కారులోనే రైతుల దగ్గరికి వెళతానని పేపర్లకి మాట కూడా ఇచ్చారు.

మొదటి దశ మెకానిక్ గణపతి షెడ్డులో జరిగింది. గణపతి అడుగున ఉన్న బోల్టుని ముందే వదులు చేసి, చివరి చుట్టు మాత్రం వెంకటరాజు గారికి మిగిల్చాడు. ఆయన వంగి ఆ చుట్టు తిప్పగానే నల్లటి పాత ఆయిలు తొట్టెలోకి జారింది. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. పాతపాలన అలాగే జారిపోయిందని మేష్టారు నోట్సు రాసుకున్నారు.

అంతా దిగిపోయాక గణపతి బోల్టు బిగించాడు. పేతురు కొత్త ఆయిలు డబ్బా పట్టుకుని ముందుకొచ్చాడు. "ఆయ్, పోసేద్దావాండి? పోసేసి, రేపు మంత్రిగారి చేత ఉత్తినే..."

"తప్పు పేతురూ. ఉత్తుత్తి పనులు మన ఇంటా వంటా లేవు," అన్నారు వెంకటరాజు గారు.

ఇంజను ఖాళీగా ఉండిపోయింది. కంపెనీ పద్ధతి ప్రకారం పేతురు ఒక అట్టముక్క మీద ఎర్ర అక్షరాలతో 'ఇంజనులో ఆయిలు లేదు, స్టార్టు చేయరాదు' అని రాసి స్టీరింగుకి కట్టాడు. అప్పుడు గానీ అతనికి కాళ్లు ఇంటివైపు కదల్లేదు.

మర్నాడు పొద్దున్న సువర్ణ బడికి వెళ్లే హడావుడిలో దిబ్బరొట్టె ముక్క కోసి పళ్లెంలో పెట్టింది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పేతురు ముక్క తుంపి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మంత్రులు ఎప్పుడూ వేళకి రారు సువర్ణా. వచ్చేక తొందర పెట్టేస్తారు. డబ్బా అంతా పొయ్యాలి, ఫిల్టరు బిగించాలి, పుల్ల తీసి మట్టం చూడాలి. అరగంట పని. ఆగుతారంటావా?"

"ఆగకపోతే బండి తియ్యనని చెప్పండి."

"ఎలా చెప్తాం?"

"కాదండి అని చెప్పండి. మా ఒకటో తరగతి పిల్లలు కూడా చెప్తారు. ఏదీ, అనండి."

పేతురు గొంతు సవరించుకున్నాడు. "ఆయ్, కాదండి."

"ఆయ్ తీసెయ్యండి."

"ఆయ్," అన్నాడు పేతురు.

సువర్ణకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "ఆ రాజు గారికి పదవి పోతే ఇంకోటి వస్తుంది. మీ ఇంజను పోతే మీరు మనిషి కారు. నాకు తెలుసు. కాస్త గట్టిగా చెప్పండి," అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. పేతురు షెడ్డు దాకా దారి పొడుగునా 'కాదండి, కాదండి' అని గొణుక్కుంటూ వెళ్లాడు.

పదిన్నరకి రావలసిన మంత్రిగారు ఒంటిగంటా నలభైకి వచ్చారు. అప్పటికి కారుకి నిలువెల్లా బంతిపూలు కట్టేశారు. స్టీరింగుకి కట్టిన అట్టముక్క కనిపించలేదు. పేతురు కంగారుగా వెతుకుతుంటే మేష్టారు చెప్పారు, "దానిమీద మంత్రిగారి ఫొటో లేదయ్యా. ప్రోటోకాల్ ఒప్పుకోదు. తీసేసి ఫొటో పెట్టించేను." స్టీరింగు మీద నుంచి మంత్రిగారు నవ్వుతున్నారు.

భవానీదేవి గారు షెడ్డులోకి రాగానే మేళం అందుకుంది. గణపతి కొత్త ఆయిలు డబ్బాకి రిబ్బను కట్టి బల్ల మీద పెట్టాడు. మేష్టారు ఇంట్లోంచి తెచ్చిన వెండి ఉద్ధరిణి చేతికిచ్చారు. మంత్రిగారు డబ్బాలోంచి ఒక ఉద్ధరిణెడు తీసి ఇంజనులో పోశారు. ఫొటోలు తీశారు. ఇంకో ఉద్ధరిణెడు పోశారు. టీవీ వాళ్లకి అందలేదంటే మూడోది కూడా పోసి చెయ్యి తుడుచుకున్నారు.

"మంచి పని జరిగింది," అన్నారు.

గన్‌మాన్ బానెట్టు దించేశాడు. మంత్రులు భవనానికి మొదటి ఇటుక మాత్రమే పెడతారు గానీ గోడ మొత్తం కట్టరు కదా. ఆ లెక్కన ఆవిడ చేసింది సరైన పనే. మిగతా గోడ ఎవరు కడతారన్నది ఎవరూ అడగలేదు.

వెంకటరాజు గారు ఆవిడ చెవిలో శుభవార్త చెప్పారు. "మేడమ్, లాకుల దగ్గర నాలుగొందల మంది రైతులు పొద్దున్నుంచి తమరి కోసం దండలు పట్టుకుని నిలబడ్డారండి."

"ఏం దండలండి?"

"గుర్రపుడెక్కవండి. కాలవలోంచి తీసి వాళ్లే గుచ్చేరంట. దానికీ పువ్వులుంటాయి కదండి, ఊదారంగువి. బాగానే ఉంటాయి."

మంత్రిగారు పమిటతో మొహం తుడుచుకున్నారు. ఎండకి అలిసిపోయి ఉంటారు. "పేపర్లో వేసేశారు, వెళ్లకపోతే ఎలా," అని నెమ్మదిగా వెళ్లి కారు వెనకసీట్లో కూర్చున్నారు. గన్‌మాన్ ఆవిడ పక్కన ఎక్కాడు. ముందుసీటు తలుపు పట్టుకుని వెంకటరాజు గారు, నలుగురూ వింటున్నారు కాబట్టి ఎంతో మర్యాదగా అడిగారు.

"పేతురు గారూ, బండి సిద్ధమేనా?"

ఇదే ఆ క్షణం. పేతురు ఒక అడుగు ముందుకేశాడు. నాలిక మీద 'కాదండి' తయారుగా ఉంది. కానీ యాభై రెండేళ్ల నాలిక అది, దాని అలవాటు దానిది. "ఆయ్," అంది ముందు. వెంటనే సర్దుకుని పేతురు, "ఆయిలండి," అన్నాడు.

మేళం మోగుతోంది. ఆ హోరులో 'ఆయిలండి'లో 'ల' ఎక్కడో పడిపోయింది.

"చూశారా మేడమ్, మనవాడి వినయం. ఒకసారి అడిగితే రెండుసార్లు ఆయండి అంటాడు," అన్నారు వెంకటరాజు గారు.

"ఆయిలండి. ఆయిలు. ఆయిలు..."

"ఆయ్, ఆయ్. తెలిసింది. ఎక్కు."

"లేదండి," అని పేతురు గట్టిగానే అన్నాడు. సరిగ్గా అప్పుడే కార్యకర్తలు వెయ్యి వాలా టపాసులు అంటించారు. అది అయ్యేలోగా వెంకటరాజు గారు సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. వెనక నుంచి గన్‌మాన్ "పోనీవయ్యా" అని అరిచాడు. కారు చుట్టూ రెండొందల మంది తొయ్యడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడ్డారు. పేతురు స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం చెవి పెట్టాడు. తెలిసి తెలిసి బండికి అన్యాయం చెయ్యడం అతని జన్మలో అదే మొదటిసారి. కళ్లు మూసుకుని తిప్పాడు.

ఇంజను పలికింది. అంత మంచి ఇంజను అది, ఆయిలు లేకపోయినా మాట తీసెయ్యలేదు. మీటరు పక్కన ఎర్రలైటు వెలిగి, టింగు టింగుమని గంట మొదలైంది.

"మేడమ్," అన్నారు వెంకటరాజు గారు వెనక్కి తిరిగి, "కార్ల మీద బుగ్గలు తీసేసేక మంత్రులకి కళే పోయిందండి. చూడండి, తమరు కూర్చోగానే మా బండిలో ఎర్రబుగ్గ వెలిగింది. గంట కూడా కొడుతోంది."

"ఆయిల్ లైటండి అది," అన్నాడు పేతురు.

"నిజమే, అదే హైలైటు," అన్నారు వెంకటరాజు గారు.

పేతురు వీలైనంత నెమ్మదిగా పోనిచ్చాడు. ప్రజలని చూస్తూ వెళ్లడానికి బాగుందని వెంకటరాజు గారు మెచ్చుకున్నారు. ఒక కిలోమీటరు నడిచింది. రెండో కిలోమీటరులో ఇంజను లోపల్నించి టకటకమని చప్పుడు వచ్చింది. మూడో కిలోమీటరు పూర్తి కాకుండానే, రోడ్డు పక్క కొబ్బరికాయల రాశుల దగ్గర, ఇంజను పెద్దగా మూలిగి పట్టేసింది. కారు ఆగిపోయింది. పేతురు మీటరు వైపు చూశాడు. రెండు లక్షల తొంభై నాలుగు వేల మూడు వందల పన్నెండు. అతను స్టీరింగు మీద తల వాల్చాడు. అక్కడున్న మంత్రిగారి ఫొటో నుదుటికి తగిలింది.

వెనక కాన్వాయిలో ఆరు కార్లున్నాయి. అధికారులు పరుగున వచ్చి మంత్రిగారిని ఆవిడ సొంత కారులోకి మారమని బతిమాలారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"సెకండ్ హ్యాండ్ కారులో వస్తానని రైతులకి మాటిచ్చాను. కొత్త కారులో దిగితే వాళ్ల మనసు నొచ్చుకోదూ? ఇది బాగయ్యాకే వెళదాం."

నలుగురు తోస్తామని వచ్చారు. తోసుకుంటూ వెళ్తే లాకులు ఇంకో అయిదు కిలోమీటర్లే. మనుషుల చేత బండి తోయించడం తన సిద్ధాంతాలకి విరుద్ధమని మంత్రిగారు వాళ్లనీ వారించారు. ఇటువంటి మనిషిని చూసి వెంకటరాజు గారికి ఒక కంట గౌరవంతోనూ, రెండో కంట పదవి పోయినందుకూ నీళ్లు తిరిగాయి.

కొబ్బరి రాశుల పక్కన కుర్చీ వేశారు. బొండాలు కొట్టించారు. మంత్రిగారు రెండో బొండం తాగుతూ పేతురుని దగ్గరికి పిలిచారు.

"ఏమైందండి బండికి?"

ఇప్పుడు మేళం లేదు, టపాసులు లేవు. "ఆయిలు లేకుండా నడిపించేవండి. ఇంజను పట్టేసిందండి," అన్నాడు పేతురు. మూడు నెలల్లో అతని మాట చివరిదాకా విన్న పెద్దమనిషి ఆవిడొక్కతే.

"గట్టిగానే పట్టేసిందా?"

"ఆయండి."

"సాయంత్రం లోపల కదలదు కదా?"

"కదలదండి. విప్పాలండి. రోజులు పడుతుందండి."

"ఖాయమేనా?"

"ఖాయవేనండి," అన్నాడు పేతురు. చెప్తూనే కళ్లు తుడుచుకున్నాడు. ఒక పాత కారు గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మంత్రి ఎక్కడుంటుంది అనుకున్నాడు. మంత్రిగారు విప్పారిన మొహంతో ఇంకో బొండం కొట్టమన్నారు. పేతురుకి కూడా ఒకటి ఇప్పించారు.

అయిదు గంటలకి లాకుల దగ్గర నుంచి ఫోను వచ్చింది. చూసి చూసి రైతులు వెళ్లిపోయారట. దండలు మళ్లీ కాలువలోనే వదిలేశారట. మంత్రిగారు చాలా బాధపడి లేచారు. తిరుగు ప్రయాణం గురించి ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు కాబట్టి సొంత కారులోనే అమలాపురం వెళ్లిపోయారు.

మర్నాడు పేపర్లలో మేష్టారి ప్రెస్ నోటు యథాతథంగా పడింది. 'ఇచ్చిన మాట కోసం మూడు గంటలు మండుటెండలో మంత్రి.' కింద బొండంతో ఫొటో. వెంకటరాజు గారు మాత్రం నాలుగు రోజులు గది దాటి బయటికి రాలేదు. పేతురుని ఉద్యోగంలోంచి తీసెయ్యాలా అని కమిటీ వెయ్యబోయి, మూడో సభ్యుడు దొరక్క ఊరుకున్నారు.

అయిదో రోజు ఆర్డరు వచ్చింది. కోనసీమ కాలువల నిర్వహణ మండలి ఛైర్మన్‌గా వెంకటరాజు గారిని నియమించారు. 'నిర్వహణ రంగంలో కనబరిచిన అసాధారణ సమయస్ఫూర్తికి' అని అందులో ఉంది. ఆయన మూడుసార్లు చదివించుకున్నారు. సమయస్ఫూర్తి అనే మాటకి ఇక్కడ అర్థం ఏమిటని అడిగితే, ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మేష్టారు కూడా ఆలోచించి చెప్తానన్నారు.

మెడలో దండలతోనే ఛైర్మన్ గారు గణపతి షెడ్డుకి వచ్చారు. కారుని ఆ రోజు తాడు కట్టి లాక్కొచ్చి మూల పెట్టారు. ఎండిపోయిన బంతిపూలు దాని మీద అలాగే ఉన్నాయి. పేతురు రోజూ వచ్చి దాని పక్కన కూర్చుని వెళుతున్నాడు.

"పేతురూ, ఇంజను బాగవుతుందా?"

"ఆయ్. విప్పితే అవుద్దంటున్నాడండి గణపతి. పన్నెండు రోజులు పడుతుందంటండి."

"విప్పించు. ఏం కావాలంటే అవి వేయించు. ఈ బండి నా అదృష్టమయ్యా. మళ్లీ కొత్తదానిలా చేయించు."

ఇంజను విప్పకుండా మూడు లక్షలు అన్న ముచ్చట ఎలాగూ తీరదు. విప్పి అయినా సరే, మూడు లక్షలు మూడు లక్షలే కదా అని పేతురు ఈ నాలుగు రోజుల్లో మనసుకి సర్ది చెప్పుకున్నాడు. అయిదు వేల ఆరు వందల ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. సంవత్సరం తిరక్కుండా అయిపోతాయి. సువర్ణకి అప్పటికప్పుడే ఫోను చేసి చెప్పేశాడు. గణపతి బానెట్టు ఎత్తాడు. పేతురు బంతిపూలన్నీ తీసి, తన తువ్వాలుతో ఇంజను పైమూత తుడిచాడు. గణపతి స్పానరు మొదటి బోల్టు మీద పెట్టాడు.

అప్పుడే ఛైర్మన్ గారి ఫోను మోగింది. మంత్రిగారు. అందరూ వినాలని ఆయన స్పీకరు నొక్కారు.

"కంగ్రాట్స్ ఛైర్మన్ గారూ. ఎల్లుండి కొత్తపేట దగ్గర రైతులతో నాకు ముఖాముఖి ఉందండి. మీ కారు పంపిస్తారా?"

"అదెంత భాగ్యం మేడమ్. మా బావమరిది కొత్త బండి ఉందండి, ఏసీ కూడా..."

"అది వద్దండి. మీ కారే."

"అది నడవడం లేదు కదండి మేడమ్. ఇప్పుడే ఇంజను విప్పడానికి కూర్చున్నారండి. మళ్లీ కొత్తదానిలా చేయిస్తున్నాను."

"ఇంకా విప్పలేదు కదా?" అన్నారు మంత్రిగారు. "విప్పొద్దని చెప్పండి. పక్షోత్సవాల్ని ఏడాది పొడుగునా జరపాలని నిర్ణయించాం. ఎక్కడా చెయ్యి పెట్టించకండి, అలాగే ఉంచండి. ఆ డ్రైవరు గారిని కూడా పంపించండి, చాలా నిజాయితీపరుడు."

గణపతి స్పానరు బోల్టు మీద నుంచి తీసేశాడు. ఛైర్మన్ గారు ఫోను జేబులో పెట్టుకుని కారు వైపూ పేతురు వైపూ చూశారు. తరవాత తనే వెళ్లి బానెట్టు దించారు.

"విన్నావు కదా పేతురూ. దండలు కట్టించు. లారీ మీద కొత్తపేట దాకా చేరుస్తారు. అక్కణ్ణించి నువ్వు స్టీరింగు ముందు కూర్చోవాలి. మేడమ్ గారు ఎక్కేక నలుగురు కుర్రాళ్లు కాస్త తోస్తారులే, ఈసారి సిద్ధాంతం అడ్డు రాదు."

"ఆయ్," అన్నాడు పేతురు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "రైతులున్న చోటికి ఎంత ఇవతల ఆగిపోమంటారండి?"